పాట పెట్టడం సులువే, నిలబెట్టుకోవడమే కష్టం

సంపాదకులకు నమస్కారం.

కొద్దిరోజుల క్రితం మీ పత్రిక ఆదివారం సంచికలో, సొంతంగా పాటలు కట్టి అంతర్జాలంలో పెడుతున్న యువతీ యువకుల గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. స్టూడియో గడప తొక్కకుండా, నిర్మాత పిలుపు కోసం కాచుకుని కూర్చోకుండా ఇవాళ ఎవరైనా తమ సంగీతాన్ని లోకానికి వినిపించవచ్చునన్న వ్యాసకర్త మాటతో నాకు పేచీ లేదు. విజయనగరంలో వీణ పాఠాలు చెప్పుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా సొంత వరుసలు కట్టి యూట్యూబ్‌లోనూ స్పాటిఫైలోనూ పెడుతున్న నేను కూడా ఆ సౌకర్యాన్ని అనుభవిస్తున్నదాన్నే. అయితే పాట వినిపించడం సులువైనంత మాత్రాన అది నాదని నిలబెట్టుకోవడం సులువు కాలేదు. ఈ రెండో పనిలో మన సంగీత కళాశాలల నుంచి గానీ, సాంస్కృతిక శాఖల నుంచి గానీ, పత్రికల నుంచి గానీ మావంటివారికి అందుతున్న సాయం దాదాపు ఏమీ లేదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పాట కట్టి రికార్డు చేసే పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. ఫోను ఎదురుగా పెట్టుకుని పాడెయ్యడమే కదా అని చాలామంది అనుకుంటున్నారు. ఈ మధ్య నేను గురజాడ వారి ముత్యాల సరాలకు వరుస కట్టాను. ఆయన 1915లో కన్నుమూశారు కనుక ఆ సాహిత్యానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ముత్యాలసరం నడక మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి. పాదానికి 14 మాత్రలు కాబట్టి ఏడు దెబ్బల మిశ్రచాపు తాళంలో రెండు ఆవృతాలు, అంటే రెండు చుట్లు, చేత్తో తీసి పెట్టినట్టు అమరుతాయి. నాలుగో పాదం మాత్రం చాలాచోట్ల ముందుగానే ఆగిపోతుంది. ఆ మిగిలిన జాగాలో వీణ ఏం పలకాలి, అసలు పలకాలా వద్దా అన్నది తేల్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ సంతోషం కలిగిందీ అక్కడే. కంప్యూటర్లో రికార్డింగు సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించేవి నాలుగు దెబ్బల గడులు. వాటిని ఏడుకు మార్చుకోవచ్చు గానీ, మార్చినా ఆ టిక్కు చప్పుడు మొదటి దెబ్బను తప్ప మిగిలినవాటిని ఒకే బరువుతో కొట్టుకుంటూ పోతుంది. మూడు దెబ్బల తకిట అయ్యాక నాలుగు దెబ్బల తకధిమి మొదలయ్యే చోట పడవలసిన ఊనికను మనమే విడిగా పెట్టుకోవాలి, లేదా ఆ టిక్కును కట్టేసి తొడ మీద తాళం వేసుకుంటూ పాడాలి. నేను రెండోదే చేస్తాను. రాత్రి పొద్దుపోయాక, గంటస్తంభం వైపు ఆటోల మోత అణిగాక, కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, తంబురా శ్రుతికి అడ్డం వచ్చే ఫ్రిజ్ మూలుగు మైకులో పడకుండా దాని ప్లగ్గు కూడా తీసేసి, చెమటలు కారుతుండగా పాడిన పాట అది. మరునాడు పొద్దున పాలు విరిగితే ఇంట్లోవాళ్ల మాటలు పడవలసి వచ్చేదీ నేనే.

ఇంత చేసి పెట్టిన పాట మీద పెట్టిన కొద్ది గంటల్లోనే కాపీరైటు క్లెయిము వచ్చింది. అందులోని కొంత భాగం ఫలానా సంస్థ రికార్డింగుతో సరిపోలుతోందని, కనుక ఇకపై వచ్చే ప్రకటనల ఆదాయం ఆ సంస్థకే వెళుతుందని సారాంశం. సరిపోలిన భాగం ఏదా అని చూస్తే, అది నా వరుసా కాదు, నా గొంతూ కాదు, వెనుక మోగుతున్న తంబురా నాదం. ఎవరైనా వాడుకోవచ్చునని అమ్మే శబ్దాల సంకలనం నుంచి తీసుకున్న తునక అది. అదే తునకను తన భక్తిగీతంలో వాడుకున్న సంస్థ ఒకటి, ఆ గీతం మొత్తాన్నీ, కొత్తగా పెట్టే వీడియోలను నమోదైన రికార్డింగులతో యంత్రం ద్వారా పోల్చి చూసే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వ్యవస్థలో తనదిగా నమోదు చేయించుకుంది. అందరూ వాడుకునే శబ్దాలున్న రికార్డింగులను అలా నమోదు చేయకూడదని ఆ వ్యవస్థ నిబంధనల్లోనే ఉంది. కానీ నమోదయ్యాక యంత్రానికి తెలిసింది ఒక్కటే, ఎవరు ముందు వచ్చారన్నది.

దీనిమీద అభ్యంతరం చెప్పుకునే దారి ఉన్నమాట నిజమే. అయితే మన అభ్యంతరాన్ని మొదట పరిశీలించేది యూట్యూబ్ కాదు, క్లెయిము వేసిన సంస్థే. వారికి 30 రోజుల గడువు ఉంటుంది. వారు కాదంటే అప్పీలు చేసుకోవాలి. అప్పీలు దాకా వెళ్లాక వారు పాటను తీసివేయమని చట్టప్రకారం కోరితే మన చానల్ మీద స్ట్రయిక్, అంటే తప్పు చేసినట్టు ఒక హెచ్చరిక, పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రయిక్‌లు పడితే చానల్ మొత్తానికే ముప్పు. ఏళ్ల తరబడి పెట్టిన పాటలన్నీ ఒక్క తంబురా తునక కోసం పోగొట్టుకోవడం ఎందుకని భయపడి, తమదే అయిన పాటను నోరు మూసుకుని వదిలేసుకున్నవారు నా శిష్యుల్లోనే ఉన్నారు. అభ్యంతరం చెప్పేవారు అయిదు రోజుల లోపు చెబితే మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడతారన్న సంగతి కూడా వారిలో చాలామందికి తెలియదు. నా విషయంలో ఆ సంస్థ గడువు ముగిసేదాకా ఉలకలేదు, పలకలేదు. క్లెయిము దానంతట అదే రద్దయింది. ఆదాయం సంగతి చెప్పుకోదగినది కాదు కాబట్టి చెప్పను. పొట్టి వీడియోల దారి వేరు గానీ, మామూలు వీడియోలకైతే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ దాటితే గానీ యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇవ్వదు, పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడని పాటకు స్పాటిఫై 2024 నుంచి రికార్డింగు రాయల్టీ లెక్కకట్టడమే లేదు. లలితగీతాలు కట్టుకునేవారిలో ఈ గీత దాటలేనివారే ఎక్కువ. డబ్బు రాదని తెలిసే మేము ఈ పనిలోకి వచ్చాం. దొంగ అన్న ముద్ర కూడా మోయవలసి ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చట్టం మాకు వ్యతిరేకంగా ఉందని నేను అనడం లేదు. నిజానికి చట్టం చాలావరకు మా పక్షానే ఉంది, అది మాకు తెలియకపోవడమే దురదృష్టం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఒక పాటలో మూడు వేర్వేరు హక్కులున్నాయి: సాహిత్యానిది ఒకటి, వరుసది ఒకటి, దాని రికార్డింగుది మరొకటి. సాహిత్యానికీ వరుసకూ కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగుకైతే విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. మొదట్లో సంగీతం కాగితం మీద రాసి ఉంటేనే చట్టం దృష్టిలో సంగీత రచన అయ్యేది. 1994 సవరణ ఆ షరతును తీసివేసింది. నోటితో నేర్చి నోటితో నేర్పే మన సంప్రదాయానికి ఇంతకంటే పెద్ద మేలు ఏముంటుంది? హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషను కూడా అవసరం లేదు. కావాలనుకుంటే 500 రూపాయల రుసుముతో వరుసను కాపీరైటు కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు, రేపు తగువు వస్తే అది సాక్ష్యంగా పనికొస్తుంది.

2012 సవరణ మరింత ముఖ్యమైనది. సినిమాకు చెందని పాట విషయంలో, కవి గానీ సంగీతకర్త గానీ తన హక్కును కంపెనీకి రాసిచ్చినా, ఆ పాటను ఏ రూపంలో వాడుకున్నా రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును మాత్రం వదులుకోవడానికి వీల్లేదని అది చెబుతోంది. వదులుకుంటున్నానని సంతకం పెట్టినా అది చెల్లదు. అంతకుముందు నుంచే ఉన్న మరో నిబంధన ప్రకారం, ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ఎక్కడెక్కడ వర్తిస్తుందో రాయకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమైనట్టుగా భావించాలి. ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే, పల్లెపాటల చానళ్లకు అయిదువేలకో పదివేలకో వరుస ఇచ్చేసి, కోట్లమంది చూసిన వీడియో కింద తన పేరు వెతుక్కునే కుర్రవాళ్ల గోడు కొంతైనా తగ్గేది. తెలంగాణలోనూ, మా ఉత్తరాంధ్రలోనూ జానపద గీతాల చానళ్లు ఇంతగా పెరిగాక ఈ గొడవ మరీ ముదిరింది. పదిమంది నోళ్లలో నలిగిన పాతపాటకు 'రచన' అని పేరు వేసుకునేవారున్నారు, సొంతంగా కట్టిన కొత్త వరుసను 'సేకరణ' అని వేసి కర్తను మాయం చేసేవారూ ఉన్నారు.

రికార్డింగు మీద వచ్చేది ఒక డబ్బు, వరుస మీద వచ్చేది మరో డబ్బు అన్న సంగతి కూడా చాలామందికి అందలేదు. స్పాటిఫై వంటి వేదికలు పాటను కర్త నుంచి నేరుగా తీసుకోవు, పంపిణీ సంస్థ ద్వారా వెళ్లాలి. రికార్డింగు రాయల్టీని ఆ సంస్థే మనకు చేరుస్తుంది. వరుసకూ సాహిత్యానికీ రావలసినది వసూలు చేసేది 1969లో ఏర్పడి, ముంబయి కేంద్రంగా పనిచేస్తున్న ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్ఎస్). అందులో సభ్యత్వం తీసుకుని పాటల వివరాలు నమోదు చేయించుకోకపోతే రెండో సొమ్ము మనకు చేరదు. సినిమా సంగీత దర్శకులకే అది పరిమితమని నా తోటివారు అనుకుంటూ ఉంటారు. కాదు.

ఇక పేరు సంగతి. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత సంగీతానికి గౌరవం తెచ్చిన కాలం నుంచి, ప్రతి లలితగీతానికి ముందూ అనౌన్సరు గొంతు రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, గానం ఎవరిదో వరసగా చదివేది. ఆకాశవాణి ఇచ్చిన పారితోషికం ఎంతని అడిగితే నవ్వి ఊరుకునేవారు పాత కళాకారులు. కానీ శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ప్రతి ఇంట్లోనూ వారి పేరు ఒకసారి పలికేది. ఇవాళ లక్షలమంది వినే పాటకు ముఖచిత్రం మీద పాడినవారి ఫొటో, చానల్ గుర్తు ఉంటాయి. వరుస కట్టినవారి పేరు వివరాల పెట్టె తెరిచి, కిందికి జరుపుకుంటూ పోతే ఎక్కడో కనిపిస్తుంది, కొన్నిచోట్ల అదీ ఉండదు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రధానాచార్యులుగా 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊళ్లో, ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఈ మాట రాయవలసి రావడం నాకు బాధగానే ఉంది. సాలూరి రాజేశ్వరరావు గారు ఈ ప్రాంతం వారే. సినిమా పాటలతో పాటు ఆయన గ్రామఫోను రికార్డులకు ఇచ్చిన సినిమాయేతర గీతాలను ఇప్పటికీ జనం పాడుకుంటున్నారంటే, తెలుగువారికి సినిమా బయట పాట రుచించదన్న వాదన ఎంత బలహీనమో వేరే చెప్పనక్కరలేదు.

వినేవారు లేరన్నది కూడా నేను ఒప్పుకోను. అమెరికాలో పిల్లలకు తెలుగు పాటలు నేర్పుతున్న ఒక తల్లి నా ముత్యాలసరం వరుస విని, స్వరం రాసి పంపగలరా అని అడిగారు. నాలుగో పాదం తరువాతి ఖాళీలో వీణ మీద ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే జారును కాగితం మీద ఎలా చూపించాలో తెలియక రెండు మూడు విధాలుగా రాసి, చివరికి ఆ ఒక్క ముక్కనూ నిదానంగా వాయించి రికార్డు చేసి పంపాను. ఆ పిల్లలు పాడిన వీడియో నాకు పంపించారు. కింద సాహిత్యం, వరుస ఎవరివో స్పష్టంగా రాశారు. అంత పట్టింపు మన ఇక్కడి చానళ్లకు ఉంటే ఎంత బాగుండును.

అందుకే నా విన్నపాలు. మీ పత్రిక వారం వారం విడుదలయ్యే సినిమా పాటలను ఓపికగా సమీక్షిస్తోంది. అందులో పావు కాలమ్ జాగానైనా సినిమాతో సంబంధం లేని కొత్త తెలుగు పాటకు కేటాయించి, కవి పేరుతో పాటు వరుస కట్టినవారి పేరును కూడా ముద్రించగలరు. బాగా లేని పాటను బాగా లేదనే రాయండి. చర్చించదగినదన్న గుర్తింపే మాకు ముఖ్యం. ఆకాశవాణి తన కేంద్రాల్లోని పాత లలితగీతాలను వినిపించేటప్పుడు అప్పటి లాగే ముగ్గురి పేర్లూ చదివించాలి, కొత్త సంగీతకర్తల నుంచి గీతాలను స్వీకరించే పనిని పెంచాలి. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలు ఉత్సవాలకు, శాలువాలకు పెట్టే ఖర్చులో కొంత మళ్లించి, కనీసం పెద్ద పట్టణాల్లోనైనా ఒప్పంద పత్రం చదివి అర్థం చెప్పే మనిషిని, క్లెయిముకు జవాబు రాసిపెట్టే మనిషిని కళాకారులకు అందుబాటులో ఉంచవచ్చు.

అన్నిటికంటే ముందు జరగవలసింది సంగీత కళాశాలల్లో. మాకు డెబ్బైరెండు మేళకర్తలు నేర్పారు, స్వరలిపి నేర్పారు, వాగ్గేయకారుల చరిత్ర నేర్పారు. సొంత వరుస కట్టినవారికి దానిమీద ఏ హక్కు ఉంటుందో మాత్రం ఒక్క గంట కూడా చెప్పలేదు. నా దగ్గరికి వచ్చే నేటి విద్యార్థులనూ అడిగి చూశాను, వారికీ ఎవరూ చెప్పలేదన్నారు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద రాగం పేర్లున్నాయి గానీ స్వరాలు లేవని, మనం నేడు పాడుకుంటున్న వరుసల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దపు పెద్దలు కూర్చినవని, కనుక సాహిత్యం అందరిదైనా వరుస లెక్క వేరని డిప్లొమా పూర్తిచేసిన గాయకుడికి తెలియకపోతే ఎలా? చివరి సంవత్సరంలో చిన్న పేపరు ఒకటి చేర్చి, పాటలోని మూడు హక్కులు, ఒప్పందంలో చూసుకోవలసిన అంశాలు, ఐపీఆర్ఎస్ సభ్యత్వం, క్లెయిముకు జవాబు ఇచ్చే పద్ధతి, ఇంట్లో రికార్డు చేసుకునే మెళకువలు నేర్పితే చాలు. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త పోస్టు అక్కరలేదు. దగ్గరలోని న్యాయ కళాశాల నుంచి ఒక అధ్యాపకుణ్ణి, రికార్డింగు పని తెలిసిన ఒకరిని నెలకోసారి పిలిపించి మాట్లాడిస్తే సరిపోతుంది. వచ్చే విద్యాసంవత్సరం పాఠ్యప్రణాళికలు ఖరారయ్యే లోపే సంబంధిత అధికారులు ఈ విషయాన్ని పరిశీలించాలని మీ పత్రికాముఖంగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక వీణ ఉపాధ్యాయురాలు,
విజయనగరం