పెద్దల పీఠం మీది తలలు క్షుద్ర బొమ్మలా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో బెనిన్ శిల్పాల మీద వ్యాసం చూసి, మన పత్రికలో ఇలాంటివి కూడా వేస్తున్నారే అని సంతోషించేలోపే ఫొటో కింద ‘ఆఫ్రికా క్షుద్రపూజల బొమ్మలు’ అని కనిపించింది. ఎవరు చెప్పారండీ మీకు?

నైజీరియాలోని బెనిన్ సిటీలో రాజును ఒబా అంటారు. ఒబా పోతే, గద్దెనెక్కిన కొడుకు తండ్రి పేరున పీఠం కట్టించి, దాని మీద ఉంచడానికి ఇత్తడి తలలు పోయించేవాడు. మీరు వేసిన ఫొటోలోనే గడ్డం దాకా పగడాల పేటలు, నడినెత్తిన పెద్ద రంధ్రం కనిపిస్తున్నాయి. ఆ రంధ్రంలో నిలువెల్లా బొమ్మలు చెక్కిన ఏనుగు దంతం నిలబెడతారు. గిలక్కాయలా మోగే కర్రను నేలకేసి కొట్టి, పోయిన పెద్దల్ని పిలుస్తారు. మనం పెడితే తద్దినం, వాళ్లు చేస్తే క్షుద్రమా? మైనం బొమ్మకు మట్టి మెత్తి, మైనం కరగబెట్టి లోహం పోసే ఆ పద్ధతి మన పంచలోహ విగ్రహాలదే. బెనిన్ సిటీలోని ఇగున్ వీధిలో ఇప్పటికీ పోస్తున్నారు.

పైగా ఆ శిల్పాలు ‘1897లో లండన్ చేరాయి’ అని రాశారు. రెక్కలొచ్చి ఎగిరి వెళ్లాయి కాబోలు! బ్రిటిష్ సైన్యం ఊరి మీద పడి, కోట దోచి, ఒబా ఒవొన్రామ్వెన్‌ను కాలబార్‌కు ప్రవాసం పంపేసింది, దండయాత్ర ఖర్చుల కోసమని దోచిన వాటిలో కొన్నిటిని అమ్ముకుంది కూడా. జర్మనీ 2022లో కొన్ని తిరిగిచ్చింది, నెదర్లాండ్స్ 2025లో 119 ఇచ్చింది. 900కు పైగా దగ్గర పెట్టుకున్న బ్రిటిష్ మ్యూజియం మాత్రం తిరిగివ్వడానికి 1963 నాటి చట్టం ఒప్పుకోదంటుంది. మన అమరావతి శిల్పాలూ అక్కడే ఉన్నాయి, వాటి గురించి గట్టిగా అడిగే నాథుడు లేడు.

అడగడానికి మనకు మొహం ఉండాలిగా. మా మండలంలో రోడ్డు వెడల్పు చేస్తూ కాంట్రాక్టరు వీరగల్లును జేసీబీతో గుంటలోకి నెట్టేశాడు. అదీ పోయినవాడి కోసం నిలబెట్టిన రాయే. ఆఫీసుకెళ్తే మా పరిధి కాదన్నారు, ఇంకో ఆఫీసులో సారు మీటింగులో ఉన్నారు. ఆ మీటింగు ఇంకా అయినట్టు లేదు.

అధికారుల సంగతి సరే, మీకేమైంది? ఒకప్పుడు మీ ఆదివారం పేజీలు కత్తిరించి దాచుకునేవాళ్లం. ఇప్పుడు ఎక్కడి నుంచో తెచ్చింది చదవకుండానే అచ్చేస్తున్నారు. దయచేసి సవరణ వేయండి, అదీ టెండరు నోటీసుల సందులో కాకుండా, ఆ ఫొటో వేసిన పేజీలోనే.

– ఒక పాత చందాదారు, తెనాలి