మంత్రిగారూ, సర్వర్‌కో ఫారం పద్ధతి ఆపించండి

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ డేటా సెంటర్‌లో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేసే సిస్టమ్ అడ్మిన్‌ని. సర్వర్లు సరిగా నడుస్తున్నాయో లేదో చూసి చెప్పే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ గురించి మేం ఇచ్చిన వినతిపత్రాలు మీ పేషీ దాకా వచ్చాయో, మధ్యలో ఏ టేబుల్ మీద ఆగిపోయాయో తెలియదు. జవాబైతే రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. అన్యథా భావించకండి.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు జాబిక్స్, మా దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది దాని 5.0 వెర్షన్. దాని సపోర్ట్ 2025 మే నెలతో అయిపోయింది. ప్రతి సర్వర్‌లోనూ ఉండి దాని లెక్కలు జాబిక్స్‌కి పంపే చిన్న ప్రోగ్రాం ఏజెంట్, అది కొన్ని సర్వర్లలో 4.0 దగ్గరే ఉండిపోయింది, దాని గడువైతే 2023లోనే తీరింది. 7.0 వచ్చింది 2024 జూన్‌లో. ఎప్పుడు మారుద్దాం సార్ అని అడిగినప్పుడల్లా 'వచ్చే క్వార్టర్' అంటారు. ఆ క్వార్టర్ వస్తుంది, పోతుంది. మాట మాత్రం మారదు.

డబ్బు సమస్య కాదు సార్. జాబిక్స్‌కి లైసెన్స్ ఖర్చు లేదు, అన్ని సర్వర్లలో ఒకే పద్ధతిలో పనిచేయించే ఆన్సిబుల్‌కీ లేదు. చేయాల్సిన పనులన్నీ వరుసగా ఉండే ఆన్సిబుల్ ఫైల్, అంటే ప్లేబుక్, రాసి, టెస్ట్ సర్వర్ల మీద నడిపి పెద్దవాళ్లకు చూపించాం కూడా. బాగుందన్నారు. ఆ తర్వాత ఫైల్ కదల్లేదు. అడ్డం పడుతున్నదల్లా ఒక ఫారం. సర్వర్‌కో ఫారం, ఫారానికి మూడు సంతకాలు, ప్రతి సర్వర్‌లోకీ మనిషే లాగిన్ అయి చేత్తో చేయాలన్న రూలు. ఉన్నవి వందల సర్వర్లు. చేసేది మేం కొద్దిమందిమి, అదీ అర్ధరాత్రి దాటాక ఇచ్చే రెండు మూడు గంటల్లో.

చేత్తో చేస్తే ఏమవుతుందో ఒక్కటి చెబుతాను, దయచేసి చదవండి. మా టీమ్‌లో ఒక కుర్రాడు తెల్లవారుజామున ఏజెంట్ మారుస్తూ, పక్క సర్వర్ నుంచి సెట్టింగ్‌లుండే కాన్ఫిగ్ ఫైల్ కాపీ చేసి పెట్టాడు. అందులో 'హోస్ట్‌నేమ్' అని, సర్వర్ పేరు చెప్పే లైన్ ఒకటి ఉంటుంది. దాన్ని మార్చడం మర్చిపోయాడు. నిద్ర లేని కళ్లు, ఏం చేస్తాడు? అప్పట్నుంచి రెండు సర్వర్ల లెక్కలూ ఒకే పేరు మీద వచ్చి పడ్డాయి. కొన్నాళ్లకు లాగ్‌లతో, అంటే జరిగిందల్లా సర్వర్ రాసుకునే ఫైళ్లతో, డిస్క్ నిండింది. అలర్ట్ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. డ్యూటీలో ఉన్నతను ఆ పేరున్న సర్వర్‌లోకి వెళ్లి చూస్తే డిస్క్ ఖాళీగానే ఉంది. ఇదేదో ఉత్త అలర్ట్ అని క్లోజ్ చేశాడు. నిండిన డిస్క్ పక్కదానిది. ఆ పూట సర్టిఫికెట్ల సైట్ ఆగిపోయింది. ఊళ్లలో జనం పని మానుకుని వచ్చి లైన్లో నిలబడి, 'సర్వర్ డౌన్' అనిపించుకుని వెనక్కి వెళ్లారు. మెమో ఎవరికిచ్చారు? ఆ కుర్రాడికి. చేత్తోనే చేయమన్న రూలుని ఎవరూ ఏమీ అడగలేదు. అదే ప్లేబుక్ అయితే ప్రతి సర్వర్ పేరూ జాబితాలోంచి తనే తీసుకుంటుంది. ఆ తప్పుకి చోటే ఉండదు.

'పాత ఏజెంట్ కొత్త సర్వర్‌తోనూ పనిచేస్తుందిగా, తొందరేముంది' అని పైవాళ్లది ఒక మాట. పనిచేస్తుంది, నిజమే. కానీ ఏజెంట్ల లెక్కలు మధ్యలో పోగుచేసి పంపే ప్రాక్సీలు 5.0వి అయితే 7.0 సర్వర్ ఒప్పుకోదు కదా సార్, అవీ మార్చాల్సిందే. పైగా పాతదానికి లొసుగులు సరిచేసే ప్యాచ్‌లు రావు. జాబిక్స్ 5.4 లాగిన్‌లోనే లొసుగు బయటపడింది, దాన్ని హ్యాకర్లు వాడుతున్నారని 2022 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థే హెచ్చరించింది. మనది 5.0 కాబట్టి అప్పుడు బతికిపోయాం. రేపు 5.0లో అలాంటిది దొరికితే సరిచేసి ఇచ్చేవాళ్లు లేరు. ఏదైనా దాడి జరిగితే గుర్తించిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ఉంది. చూసే సాఫ్ట్‌వేరే సరిగా లేకపోతే గుర్తించేదెలా?

ఆలస్యమైనకొద్దీ పని ఇంకా కష్టమవుతోంది. సెంట్‌ఓఎస్ 7 అనే పాత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే సర్వర్లు మా దగ్గర చాలానే మిగిలాయి. ఆన్సిబుల్ పనిచేయాలంటే సర్వర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉండాలి, వాటిలో ఉన్న పైథాన్ 2.7ని కొత్త ఆన్సిబుల్ ఒప్పుకోదు. పాత ఆన్సిబుల్‌తో నెట్టుకొస్తున్నాం, ఇంకెన్నాళ్లు?

ఆటోమేషన్ అంటే మీ అధికారులకు భయం ఉంది, నాకు తెలుసు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ ఒక్కటి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ భయం తప్పు కాదు. కానీ అక్కడ అందరికీ ఒకేసారి పంపారు. మా ప్లేబుక్ ముందు ఒక్క సర్వర్ మీద నడుస్తుంది, తర్వాత ఐదింటి మీద. కొత్త ఏజెంట్ నుంచి డేటా వస్తోందా లేదా చూసుకుని గానీ ముందుకెళ్లదు. రాకపోతే అక్కడే ఆగుతుంది, పాత ప్యాకేజీ తిరిగి పెడుతుంది. ఎప్పుడు, ఎక్కడ ఏం మార్చిందో లాగ్‌లో మొత్తం ఉంటుంది. మూడు సంతకాల ఫారంలో అదేదీ ఉండదు.

మంత్రిగారూ, కొత్త టెండర్ అడగడం లేదు, కొత్త పోస్టులూ అడగడం లేదు. మొత్తం పనికి ఒక్క అనుమతి ఇప్పించండి. అది కుదరకపోతే కనీసం మొదటి ఐదు సర్వర్లకైనా ఇప్పించండి. కావాలంటే మీ అధికారులనే పక్కన కూర్చోమనండి, వాళ్ల కళ్ల ముందే నడిపిస్తాం. సర్వర్‌కో ఫారం మాత్రం ఆపించండి. ఆ కుర్రాడి మెమో కూడా వెనక్కి తీసుకోమని చెప్పండి, వచ్చే నెలలో అతని కాంట్రాక్ట్ రెన్యువల్‌కి వస్తోంది.

ఇట్లు,
డేటా సెంటర్ నైట్ షిఫ్ట్‌లోని ఒక సిస్టమ్ అడ్మిన్