ప్రీప్రింట్లకు తనిఖీ కావాలి, మార్కులు వద్దు

సంపాదకులకు నమస్కారం.

నిపుణుల సమీక్ష ఇంకా జరగని పరిశోధనా పత్రాలు, అంటే ప్రీప్రింట్లు, వార్తలై రావడం కోవిడ్ కాలం నుంచి మామూలైపోయింది. నిపుణుల కంటే ముందు లోకమే చదివేస్తోంది. కాబట్టి వీటిని సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేయించాలనే వాదనను నేను సమర్థిస్తాను, ఒక్క షరతు మీద.

ఈ ప్రయత్నం కొత్తదేమీ కాదు. ప్రీప్రింట్లు పెట్టే వెబ్‌సైట్లయిన బయోఆర్‌కైవ్, మెడ్‌ఆర్‌కైవ్‌లకు చేరిన వేలాది కోవిడ్ పత్రాలను 2020లోనే కొందరు పరిశోధకులు ఇలా పరీక్షించారు. డేటా, కోడ్ బయటపెట్టారా, అధ్యయనానికున్న పరిమితులు చెప్పుకున్నారా, క్లినికల్ ట్రయల్ (రోగుల మీద చేసే ప్రయోగం) అయితే దాన్ని నమోదు చేసిన రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చారా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో సాఫ్ట్‌వేర్. సగటును మాత్రమే చూపే బార్ గ్రాఫులను పట్టుకునేది కూడా ఉంది. అలాంటి గ్రాఫుతో చిక్కు చిన్నదేమీ కాదు. మందు వాడిన వాళ్లందరికీ కాస్త కాస్త గుణం కనిపించినా, ఇద్దరికి బాగా నయమై మిగతావారికి ఏమీ మారకపోయినా సగటు ఒకటే రావచ్చు. రోగికి కావలసిన సంగతేమో ఆ తేడాలోనే ఉంటుంది.

సమీక్షకులు ఓపిక చాలక వదిలేసేవి ఇలాంటివే. సాఫ్ట్‌వేర్‌కు విసుగు లేదు. కానీ అది చాలావరకు చూసేది రాశారా లేదా అన్నదే, రాసింది నిజమా కాదా అన్నది కాదు. ఐవర్‌మెక్టిన్ అనే మందు కోవిడ్‌కు అద్భుతంగా పనిచేస్తుందన్న ఒక ప్రీప్రింట్ 2020 నవంబరులో వచ్చింది, 2021 జులైలో వెనక్కి పోయింది. దాని డేటా ఫైలు ఆన్‌లైన్‌లోనే ఉంది. డేటా ఉందా అని మాత్రమే అడిగే సాఫ్ట్‌వేరయితే టిక్కు పెట్టి ఊరుకునేది. ఒక విద్యార్థి ఆ ఫైలు తెరిచి చూశాకే లోపాలు బయటపడటం మొదలైంది, చాలామంది రోగుల వివరాలు నకళ్లేనని తేలింది. అసలు ఫైలే లేకపోతే ఆ విద్యార్థికీ ఏమీ దొరికేది కాదు.

నా షరతు ఇక్కడే వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే తనిఖీ నివేదికను వందకు ఇన్ని అని మార్కుగా కుదించకూడదు. మార్కు పుట్టిన మరునాడే అది ప్రమోషన్ కమిటీ బల్ల మీదకు చేరుతుంది, ఆపైన పత్రాలు సాఫ్ట్‌వేర్ కోసమే రాస్తారు. పైగా రోగులతో పని లేకుండా కంప్యూటర్ నమూనాతో లెక్కలు కట్టిన పత్రాన్ని పట్టుకుని 'రోగులను యాదృచ్ఛికంగా విభజించలేదు' అనే తనిఖీ కూడా ఉంటుంది. రోగులే లేని చోట విభజన ఏమిటి?

నివేదిక ముందు రచయితలకే వెళ్లాలి, అదీ పత్రం అప్‌లోడ్ చేసేటప్పుడే. 2016లో స్టాట్‌చెక్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాదాపు 50,000 మనస్తత్వశాస్త్ర పత్రాల్లోని లెక్కలు పరీక్షించి, ఫలితాలను నేరుగా బహిరంగంగా పెట్టేశారు. జర్మనీ మనస్తత్వశాస్త్రవేత్తల సంఘం అభ్యంతరం చెప్పింది. వారి కోపంలో న్యాయముంది. ప్రీప్రింట్‌కున్న సౌకర్యమే సవరించిన రూపాన్ని మళ్లీ పెట్టగలగడం. రచయితలకు ఆ అవకాశమిచ్చాక, సవరించనివి ఏవో పత్రం పక్కనే అందరికీ కనిపించేలా ఉంచితే చాలు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ప్రీప్రింట్ ఆధారంగా వార్త రాసినప్పుడు, సమీక్ష జరగలేదన్న మాటతో పాటు డేటా అందుబాటులో ఉందో లేదో, ట్రయల్ అయితే ముందే రిజిస్టర్ చేశారో లేదో కూడా రాయండి. చివరి పేరాలో కాదు, మొదటి పేరాలో.

ఇట్లు,
మీ పాఠకుడు