బీపీ అంటే కోపం కాదు

సంపాదకుడు గారికి,

మా తమ్ముడు గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఏళ్లుగా వెల్డింగ్ పని. దసరా తర్వాత పన్ను పీకించుకోవడానికి వెళ్తే, డాక్టరు గారు ముందు బీపీ చూశారు. 186/112 ఉంది. పన్ను తర్వాత చూద్దాం, ముందు దీని సంగతి చూసుకోమని పంపేశారు. వాడి వయసు 41. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఇంటికొచ్చి, "నాకు బీపీ ఏంటక్కా, నేనెవరి మీద అరిచాను?" అన్నాడు.

ఆ మాటే నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది. "నాకు బీపీ తెప్పించకు" అని మనం రోజూ అంటుంటాం. కోపానికీ టెన్షన్‌కూ ఆ పేరు పెట్టేసుకున్నాం. నెమ్మదస్తులకు ఆ జబ్బు రాదనీ, వస్తే తల పగిలిపోయేంత నొప్పి వస్తుందనీ నమ్ముతున్నాం. రెండూ నిజం కాదు. రక్తనాళాల గోడల మీద రక్తం ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. ఈలోపు గుండె కండరం మందమవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. కొందరికి పక్షవాతం వచ్చాకే బీపీ ఉందని తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో 24 శాతం, ఆడవారిలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు.

30 ఏళ్లు దాటిన వారందరికీ ప్రభుత్వం ఉచితంగా బీపీ చూస్తోంది. మంచి పని. కానీ మా వీధికి ఏఎన్‌ఎం గారు వచ్చినప్పుడు ఇంట్లో అమ్మా నేనూ ఉన్నాం, తమ్ముడు షెడ్డులో ఉన్నాడు. పగలు ఆస్పత్రికి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

చూసే తీరు కూడా చెప్పాలి. ఆమధ్య ఒక ఉచిత శిబిరానికి అమ్మను తీసుకెళ్లాను. ఎండలో అరగంట వరుసలో నిలబెట్టి, కూర్చోగానే జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడిస్తూ ఒక్కసారి చూసి చీటీ ఇచ్చారు. ఆ అంకెను ఏం నమ్మాలి? వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక చూడాలి. పట్టీ ఒంటికి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ తాగకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడాలి. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే అది బీపీ జబ్బే. తమ్ముడికున్నంత ఎక్కువ ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు వాడికి 130/82 వస్తోంది. "తగ్గిందిగా, మాత్ర ఆపేస్తా" అంటాడు. మాత్ర వేస్తుండబట్టే తగ్గిందని నచ్చజెప్పడం నాకు రోజూ ఒక పని. ఆవకాయ, అప్పడాలు తగ్గించడం ఇంకా కష్టంగా ఉంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లల్లో కూరలోనే అంత పడిపోతుంది.

వైద్య ఆరోగ్య శాఖకూ నగరపాలక సంస్థకూ నా మనవి ఒక్కటే. పనివాళ్లు ఉన్నచోటికే రండి. ఆటోనగర్ గేటు, బస్టాండు, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ప్రతి ఆదివారం ఉదయం ఒక నర్సునీ, సరైన మెషీన్‌నీ, కూర్చోవడానికి నాలుగు కుర్చీలనీ పెట్టండి. బీపీ ఎక్కువున్నవారి ఫోన్ నంబరు రాసుకుని మళ్లీ పిలవండి. నెలకు సరిపడా మాత్రలు అక్కడే ఇవ్వండి. మే 17 ప్రపంచ రక్తపోటు దినం. ఈసారి ర్యాలీకి బదులు ఆ రోజే దీన్ని మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
పటమట, విజయవాడ