వార్షిక నివేదిక 2024–25: అమ్మానాన్నలతో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలు 377 సెక్షన్ కింద నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రోజు, ఇక కష్టాలు గట్టెక్కాయనుకున్నాం. పోలీసుల భయం తగ్గింది కానీ ఇంట్లో భయం అలాగే ఉంది. ఈ ఏడాది మనకు వచ్చిన ఫోన్లలో ఎక్కువ "సంబంధాలు చూస్తున్నారు, ఏం చేయాలి?" అన్నవే. అందుకే ఈసారి తల్లిదండ్రుల సమావేశాలమీదే దృష్టి పెట్టాం.

మొదటిదానికి ఒక్క తల్లి వచ్చారు. సంచి ఒళ్లో పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నారు. చివర్లో టీ ఇస్తుంటే మెల్లగా అడిగారు: "రేపు మావాడికి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారమ్మా?" హక్కుల గురించి మేం రాసుకెళ్లిన ప్రసంగంలో దానికి జవాబు లేదు. మరుసటి నెల భర్తనూ తీసుకొచ్చారు. ఆయన ఇప్పటికీ "మావాడి ఫ్రెండ్" అనే అంటారు. కానీ సంక్రాంతికి ఆ ఫ్రెండ్‌కీ కొత్తబట్టలు పెట్టారు. ఈ ఏడాది జరిగినవాటిలో నాకు అన్నిటికంటే పెద్ద విషయం ఇదే.

ట్రీట్‌మెంట్ ఇప్పించమని అడిగినవాళ్లూ ఉన్నారు. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే చెప్పింది. మారుస్తామంటూ చేసే 'చికిత్స' వృత్తి నియమాల ఉల్లంఘన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తేల్చింది. ఈ రెండూ తెలుగులో అచ్చువేయించి పంచాం. ఇళ్లలో కోర్టు మాటకన్నా డాక్టరు మాటకే విలువెక్కువని గమనించాం.

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో స్వలింగ జంటలకు పెళ్లి హక్కు రాలేదు. ఆ బాధ ఇంకా ఉంది. అయితే జాయింట్ ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మన సభ్యులిద్దరు ఆ ప్రకటన ప్రింటు పట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్తే, 'సంబంధం' అన్న గడిలో "అన్నదమ్ములని రాసేయండి" అన్నారట. వాళ్లు రాయలేదు. మూడోసారి వెళ్లాక మేనేజరు మొత్తం చదివి ఖాతా తెరిచారు. ఆ కాపీలు ఆఫీసులో ఉన్నాయి, కావలసినవారు తీసుకోండి.

అమ్మాయిల దగ్గరికి మనం సరిగా చేరలేకపోయాం. చాలామందికి సొంత ఫోనే ఉండదు, ఉన్నా ఇంట్లో చూస్తారు. వచ్చే ఏడాది మహిళా సభ్యులే నడిపే సమావేశాలు మొదలుపెడుతున్నాం. బాధ్యత తీసుకోగలవారు పేరివ్వండి. జమాఖర్చుల వివరాలు వేరుగా జతచేశాం.

— కార్యదర్శి