పురుగు అలవాటు పడలేదు, మనమే ఏరి పెంచాం

సంపాదకులకు నమస్కారం.

పత్తిలో గులాబి రంగు పురుగు గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చిన ప్రతిసారీ చదువుతాను. ఫొటోలు వేస్తారు, నష్టం ఎంతో రాస్తారు, మంచిదే. కానీ ఎక్కడో ఒకచోట, పురుగును చంపే గుణం పెట్టిన బీటీ పత్తికి ఈ పురుగు అలవాటు పడిపోయిందనే మాట ఉంటుంది. మీ పేపరొక్కటే అని కాదు, విత్తనాల షాపులో అదే మాట, రచ్చకట్ట మీద అదే మాట, నేనూ పదేళ్లు అదే అన్నాను. ఆ మాట తప్పండి. ఏదో చిన్న తప్పయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు, ఆ మాట నమ్మి మేం చేయాల్సిన పని చేయలేదు, చాలామంది ఇప్పటికీ చేయడం లేదు.

మాది పరకాల వైపు. ఐదెకరాల నల్లరేగడి, ఒక బావి, ఏటా పత్తే. మొన్న నవంబర్‌లో ఇంటర్ బైపీసీ చదివే మా బిడ్డ సెలవులకు వచ్చి నాతో పాటు చేనుకు వచ్చింది. చెట్లు నడుమెత్తు పెరిగి పచ్చగా ఉన్నాయి, కాయ కూడా బాగా పట్టింది, బాట మీద పోయేవాళ్లు చూస్తే ఈసారి పంట పండిందనే అనుకుంటారు. ఒక పచ్చికాయ తెంపి కొడవలితో కోసి చూపించాను. పైన చిల్లు లేదు, మచ్చ లేదు. గుడ్డు పగిలిన వెంటనే, వెంట్రుకంత ఉన్నప్పుడే పురుగు లోపలికి దూరుతుంది, కాయ పెరిగేకొద్దీ ఆ రంధ్రం పూడుకుపోతుంది. లోపల మాత్రం ఒక అర నుంచి ఇంకో అరకు గోడలో గుండ్రంగా చిల్లు, తెల్లగా ఉండాల్సిన పత్తి పసుపు తిరిగి ముద్ద కట్టి ఉంది, రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. గోటితో విడదీస్తే వాటి మధ్యలో గులాబి చారలతో పురుగు. ఎంత ఖరీదైన మందు కొట్టినా అక్కడికి ఎట్లా చేరుతుంది? మా బిడ్డ దాన్ని చేతిలో పెట్టుకొని కాసేపు చూసి, "బాపూ, ఇది విషం తినీ తినీ తట్టుకోవడం నేర్చుకుందా, లేకపోతే తట్టుకునే పురుగుకే పుట్టిందా?" అని అడిగింది.

నాకు అప్పుడు సరిగ్గా జవాబు రాలేదు. తర్వాత తన పుస్తకం చదివి, కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

బీటీ విత్తనంలో మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువు ఉంటుంది, దానివల్ల ఆకులో, పూతలో, కాయలో, అన్నిట్లో పురుగుకు విషమయ్యే పదార్థం తయారవుతుంది. కొరికిన పురుగు చచ్చిపోతుంది. చచ్చిన పురుగు దేనికి అలవాటు పడుతుంది? లక్షల పురుగుల్లో ఏ ఒక్కటో పుట్టుకతోనే ఆ విషం ఎక్కని తీరుగా ఉంటుంది, అది బీటీ రాకముందు కూడా ఉంది, అప్పుడు దానికి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు కాబట్టి గుంపులో ఒకటిగా ఉండిపోయింది. ఊరంతా బీటీ పెట్టాక మిగతావన్నీ చచ్చి అదొక్కటే మిగిలింది, మిగిలినవాటికి మిగిలినవే జతకట్టాయి. దానికి నెలకో తరం. జూన్‌లో పెట్టిన చేనును బావి నీళ్లున్నాయని ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచితే ఒక్క పంటలోనే నాలుగైదు తరాలు తిరుగుతాయి. మన పెద్దలు కంకుల్లో గట్టి కంకి చూసి ఏరి, మరుసటి ఏడు విత్తనానికి దాచేవాళ్లు కదా, మేం అదే పని పురుగుతో చేశాం. ప్రతి ఏడూ మొండి పురుగును ఏరి విత్తనానికి దాచాం. డార్విన్ 1859లో చెప్పిన ప్రకృతి వరణం ఇదే. మా బిడ్డకు ఆ పాఠం ఇంగ్లండ్‌లో పొగకు నల్లబడిన చెట్ల మీది చిమ్మటలతో చెప్పారు, కానీ దాన్ని ఇక్కడ ఒక పత్తికాయ కోసి చూపించొచ్చు.

ఇక మేం చేయని పని ఏమిటంటే, చాలా ఏళ్లు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఒకటి వచ్చేది. చేను చుట్టూ ఐదు సాళ్లు లేదా చేనులో ఐదో వంతు, ఏది ఎక్కువైతే అంత, ఆ మామూలు పత్తి పెట్టాలని నియమం. నేను ఒక్క ఏడు కూడా పెట్టలేదు. గట్టు మీద పారేశాను, మా ఊళ్లో అందరూ అదే చేశారు. కొన్న షాపులో అడిగితే పెట్టినా పెట్టకపోయినా ఒకటే అన్నారు. పురుగు తినే పత్తిని కావాలని పెట్టి భూమి ఎందుకు పోగొట్టుకోవాలని నాకూ అనిపించింది. ఆ ఐదు సాళ్లు ఎందుకో అప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉంటే పెట్టేవాణ్ని, ఇది మాత్రం ఒట్టేసి చెప్తాను.

ఆ సాళ్లలో మామూలు పురుగు బతుకుతుంది. బతకాలి. రెక్కలొచ్చి ఎగిరినప్పుడు, బీటీ చేనులో మిగిలిన ఒకటి రెండు మొండివాటికి జత దొరికేది ఈ మామూలువాటిలోనే. ఈ పురుగులో మొండితనం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పూర్తిగా పనిచేస్తుంది. ఒక్క వైపు నుంచే వస్తే వాటి పిల్లలు బీటీ కాయ కొరకగానే చచ్చిపోతాయి. అంటే ఆ ఐదు సాళ్ల పత్తిని పురుగుకు వదిలేస్తే మిగిలిన చేనంతటికీ కాపలా ఉన్నట్టే. 120 గ్రాముల గింజలు పారేసి ఆ కాపలా తీసేసుకున్నాం.

ఇంకో ముచ్చట. ఒక ఏడు ఆ పొట్లంలో పత్తికి బదులు కంది గింజలు వచ్చాయి. గట్టు వెంట పెట్టాం, కందులు కూడా వచ్చాయి. శనగపచ్చ పురుగుకైతే అది సరిపోతుంది, ఎందుకంటే అది కంది తింటుంది, శనగ తింటుంది, టమాటా తింటుంది, చుట్టుపక్కల ఏ పంట ఉన్నా మామూలువి బతికే ఉంటాయి. అందుకే ఇన్నేళ్లయినా పచ్చపురుగు మన దగ్గర బీటీకి గులాబి పురుగంత తొందరగా మొండికెత్తలేదు. గులాబి పురుగుకు దాదాపు పత్తే దిక్కు, కందిని ముట్టదు. ఊళ్లో పత్తి అంతా బీటీయే అయితే దాంట్లో మామూలుది ఎక్కడ బతకాలి? ఇది ఎవరూ ఆలోచించకుండా ఎట్లా ఉన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, బాధగా కూడా ఉంటుంది.

బీటీ పత్తి మన దేశానికి 2002లో వచ్చింది, రెండు జన్యువులున్న రెండో రకం 2006లో. 2010లోనే గుజరాత్‌లో అమ్రేలి, భావనగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో మొదటి రకానికి లొంగని గులాబి పురుగు ఉందని విత్తన కంపెనీయే చెప్పింది. 2015కల్లా అదే గుజరాత్‌లో రెండో రకం కూడా ఆపలేకపోయింది, ఆ తర్వాత మహారాష్ట్ర, మన తెలంగాణ. అదే పురుగు అమెరికాలోని అరిజోనాలో కూడా ఉండేది. అక్కడ 1996 నుంచి బీటీ వేస్తున్నా రైతులు మామూలు పత్తి సాళ్లు నియమం ప్రకారం పెట్టారు, పదేళ్లు దాటినా పురుగు లొంగే ఉంది. తర్వాత గొడ్డుబోయేలా చేసిన రెక్కల పురుగులను విమానాలతో చేల మీద వదిలారు, 2018లో పత్తి సాగు ప్రాంతాల్లో ఈ పురుగు ఇక లేదని ప్రకటించారు. చైనాలో యాంగ్‌ట్సీ లోయ రైతులు సంకర పత్తి నుంచి వచ్చిన రెండో తరం గింజలు పెట్టారు, అందులో నాలుగో వంతు మొక్కలకు బీటీ రాదు. అనుకోకుండా అవే కాపలా సాళ్లయ్యాయి, పెరుగుతున్న మొండితనం మళ్లీ తగ్గింది.

పెద్ద రైతులు గుర్తు చేసుకుంటే ఇది మనకు కొత్త కాదు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కొత్త మందులు విపరీతంగా కొడితే అక్షింతల పురుగుల్లాంటి మేలు చేసేవి ముందు పోయి, తెల్లదోమ చేలను ముంచేసింది. 1997-98లో మా వరంగల్ జిల్లాలో లద్దె పురుగు, పచ్చపురుగు ఏ మందుకూ చావలేదు, ఆ మందే తాగి ఎంతమంది పోయారో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అప్పుడూ పురుగు మందుకు అలవాటు పడిందనే అనుకున్నాం, ఇంకా ఘాటు మందు కోసం వెతికాం.

అలవాటు అనుకుంటే మందు మార్చాలనిపిస్తుంది, విత్తనం మార్చాలనిపిస్తుంది. ఏరి పెంచుతున్నామని తెలిస్తే ఏరడం ఎట్లా ఆపాలా అని ఆలోచిస్తాం. ఇప్పుడు వేరే పొట్లం లేకుండా 475 గ్రాముల ప్యాకెట్‌లోనే మామూలు గింజ కొంత కలిపి ఇస్తున్నారు, కాబట్టి పారేసే సమస్య పోయింది. మిగిలింది మా చేతుల్లో ఉన్న పని. చేనును డిసెంబర్ చివరికల్లా ముగించాలి. సీజన్ చివర పుట్టిన పురుగు మిగిలిన ఎండు కాయల్లో, జంట గింజల మధ్య నిద్రపోయి వానల కోసం చూస్తుంది, పత్తికట్టెను పొయ్యికని ఇంటి వెనక పేర్చుకుంటే వచ్చే ఏటికి పురుగును మనమే పేర్చిపెట్టుకున్నట్టు. జిన్నింగ్ మిల్లుల దగ్గర గింజల కుప్పలూ అంతే.

మొన్న డిసెంబర్‌లో నా ఐదెకరాలు పీకేశాను. చెట్టు మీద ఇంకా కాయ ఉంది, ఇంట్లో ఒప్పుకోలేదు, రెండు రోజులు గొడవయింది. పక్క చేను మాత్రం ఫిబ్రవరి దాకా నీళ్లు పెట్టి ఉంచారు, అందులోంచి వచ్చే రెక్కల పురుగు నా గట్టు చూసి ఆగదు. ఒక్క రైతు చేస్తే అయ్యే పని కాదు, ఊరు ఊరంతా ఒకేసారి చేయాలి. దానికి సర్పంచ్ చాటింపు కంటే మీ పేపర్ ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే పొద్దున్నే హోటల్లో పదిమంది మధ్యలో గట్టిగా చదువుతారు.

అందుకని అడుగుతున్నాను. మే నెలలో విత్తనాల షాపుల ముందు లైన్లు మొదలయ్యేలోపు ఒక రోజు వ్యవసాయం పేజీలో ఈ సంగతి బొమ్మతో వేయండి. మామూలు గింజ ఎందుకు కలిపారో, ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రోజులు రోజుకు ఎనిమిది రెక్కల పురుగులు పడితే ఏం చేయాలో, లోపల పురుగు చేరి విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు కనపడితే ఎందుకు ఏరి కాల్చాలో రాయండి. నవంబర్ చివర్లో ఇంకోసారి వేయండి, చేను పీకే తేదీ పెద్దక్షరాల్లో ఉండాలి. అలవాటు పడింది అనే మాట మాత్రం రాయకండి. కోసిన కాయ ఫొటోలు మా బిడ్డ ఫోన్లో ఉన్నాయి, జంట గింజల మధ్య పురుగు స్పష్టంగా కనిపిస్తుంది, కావాలంటే పంపిస్తాం.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
హనుమకొండ జిల్లా