మంత్రిగారూ, మా ఆయనకు దాహం వేయదు

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

విజయవాడ సింగ్‌నగర్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఒక ఆడమనిషి నమస్కరించి రాసుకుంటున్నది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు ఇప్పటికి ఐదు ఇచ్చాను. ఐదింటికీ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. పరిష్కారం ఒక్కటే రాలేదు.

2022లో మా ఆయనకు మెదడు కింద ఉండే పీయూష గ్రంథి దగ్గర గడ్డ తీశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీదే చేశారు, ఆ మేలు మరువను. అయితే గడ్డతో పాటు దాహమూ పోయింది, ఒంట్లో నీళ్లను ఆపే హార్మోనూ పోయింది. ఆ హార్మోను పని చేసే డెస్మోప్రెసిన్ స్ప్రే ముక్కులో కొట్టకపోతే తాగిన నీళ్లన్నీ మూత్రంలోనే పోతాయి. ఇంకొకరైతే బిందెలకు బిందెలు తాగి తట్టుకుంటారట. ఈయన రోహిణీ కార్తె ఎండలో నాలుక పిడచకట్టుకుపోయినా ‘నాకేం దాహంగా లేదే’ అంటాడు.

రోజూ పొద్దున్నే కాటా ఎక్కిస్తాను. 62 కిలోలు ఉండాలి. 61 ఉంటే లీటరు నీళ్లు తగ్గినట్టు లెక్క, అది ఆ రోజు వంతుకు కలపాలి. 63 ఉంటే కోత పెట్టాలి. సీసా మీద పెన్నుతో గీతలు గీసి, అలారం మోగినప్పుడల్లా గీత దాకా తాగిస్తాను. మీ ఆఫీసులో ఒకాయన ‘దానికేముందమ్మా, నీళ్లు బాగా పట్టించు’ అన్నాడు. మందు మీద ఉన్న మనిషికి ఎక్కువ పట్టిస్తే రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి ఫిట్స్ వస్తాయి, తక్కువైతే పెరిగి మగత కమ్ముతుంది. ఆ సోడియం 135కీ 145కీ మధ్య ఉండాలి, ఆ సందులో కాపురం చేస్తున్నాం సార్. అన్నీ కాటా చెప్పదు కాబట్టి వారం వారం రక్తపరీక్ష చేయించాలి.

ఆ స్ప్రేకి, ఆ పరీక్షకి కార్డు చెల్లదట. ఏడాది ఫాలో అప్ కింద ఇచ్చి ఆపేశారు. ఏడాది తిరిగేసరికి దాహం తిరిగొస్తుందని ఎవరు లెక్కగట్టారో! డబ్బు చాలక పోయినేడు స్ప్రే పొదుపుగా కొట్టాం, పరీక్ష రెండు వారాలు మానేశాం. మనిషి పేరు పిలిస్తే పలకలేదు. సోడియం 168. ఒక్కసారిగా దించితే మెదడు వాస్తుందని రోజుకు పది పాయింట్లు మించకుండా దించారు, ఐసీయూలో ఐదు రోజులు. అక్కడ కార్డు బ్రహ్మాండంగా చెల్లింది! ఇంట్లో బాగుంటే చెల్లని కార్డు, ఐసీయూలో పడితే చెల్లుతుంది. ఇదేం లెక్క సార్?

2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిని ముంచినప్పుడు కరెంటు లేదు. మా ఆయన వాడే స్ప్రే ఫ్రిజ్‌లో పెట్టాల్సిన రకం. నడుం లోతు నీళ్ల మధ్య, తాగే నీళ్లు గ్లాసుతో కొలుస్తూ మేడమీద కూర్చున్నాం. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకోటి. చీటీలో ఈ జబ్బు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్ అని ఉంటుంది, షుగర్ జబ్బుతో దీనికి సంబంధం లేదు. మందుల కౌంటర్లో మొదటి పదం చదివి ‘షుగర్ మాత్రలు ఫ్రీయే’ అని మెట్‌ఫార్మిన్ చేతిలో పెట్టారు. ఈ తికమక వల్లే డాక్టర్ల సంఘాలు 2022లో జబ్బు పేరే మార్చాయి. మీరూ ఆరోగ్యశ్రీని ఎన్టీఆర్ వైద్య సేవ చేశారు. పేర్లన్నీ మారాయి, మా జవాబు మారలేదు.

స్ప్రే కార్డు మీద ఇప్పించండి. సోడియం పరీక్ష మా వార్డు ఆరోగ్య కేంద్రంలో చేయించండి. రెండూ కుదరకపోతే ముందు స్ప్రే అయినా ఇప్పించండి, మీ పుణ్యం ఉంటుంది. ఈ వారం పరీక్ష కూడా సోమవారమే పడింది. ల్యాబ్‌కి వెళ్లమంటారా, ఆరో అర్జీ పట్టుకుని మీ లైన్లో నిలబడమంటారా?

ఇట్లు,
సింగ్‌నగర్ నుంచి ఒక రోగి భార్య